1982లో పెళ్లయిన కూతురికి వాటా ఉందా? కాంట్రాక్టు ఉద్యోగికి ప్రసూతి సెలవు ఉందా?

ప్రశ్న: మా అమ్మ పెళ్లి 1982లో అయింది. తాతయ్య 2001లో, అమ్మమ్మ 2009లో పోయారు. ఇద్దరూ వీలునామా రాయలేదు. ఆంధ్రాలో ఉన్న మా తాతయ్యది 9 ఎకరాల పిత్రార్జితం. ఇద్దరు మావయ్యలే సాగు చేసుకుంటున్నారు. "ఎన్టీఆర్ చట్టం 1985 తర్వాత పెళ్లయిన కూతుళ్లకే, నీకు వాటా రాదు. పైగా 1996లోనే పెద్దమనుషుల ముందు పంచుకున్నాం" అంటారు. ఇప్పుడు కొంత పొలం అమ్ముతూ అమ్మను వచ్చి ఒక సంతకం పెట్టి వెళ్లమంటున్నారు. పెట్టవచ్చా? ఇక నా సంగతి. ప్రైవేటు కంపెనీలో ఏడాదిన్నరగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఇప్పుడు ఐదో నెల. కాంట్రాక్టు అయిపోవస్తోంది కాబట్టి ప్రసూతి సెలవు ఇవ్వలేం అన్నారు. నాతోపాటు చేరి అదే పని చేసే అబ్బాయికి నాకన్నా జీతం ఎక్కువ. నా పెళ్లి బంగారం అత్తగారి లాకర్లో ఉంది. అసలు ఈ హక్కులు ఎప్పుడెప్పుడు వచ్చాయో, మాకు ఏవి వర్తిస్తాయో చెప్పండి.

జవాబు: సంతకం ఇప్పుడే పెట్టవద్దని అమ్మగారికి చెప్పండి. మిగతాది నింపాదిగా చూద్దాం.

మీ మావయ్యలు చెబుతున్న చట్టం కల్పితం కాదు, ఇరవై ఏళ్లపాటు అమల్లో ఉన్నదే. కాకపోతే అందులోని ఆ పెళ్లి షరతుకు 2005 సెప్టెంబర్ 9తో కాలం చెల్లింది. ఆడవాళ్ల ఆస్తి, జీతం హక్కుల్లో చిక్కంతా ఇలాంటి తేదీల దగ్గరే వస్తుంది. ఒక్కో హక్కు ఒక్కో ఏడాది, ఒక్కో షరతుతో వచ్చింది. ఎదుటివాళ్లు తమకు కలిసొచ్చే ఏడాది దగ్గర ఆగిపోతారు. అందుకని ముందు ఒక కాగితం మీద అమ్మగారి పుట్టిన తేదీ, పెళ్లి తేదీ, తాతయ్య, అమ్మమ్మ పోయిన తేదీలు, పంపకం జరిగిందంటున్న తేదీ, పాస్‌బుక్కులు మావయ్యల పేర్ల మీదికి మారిన తేదీ రాసుకోండి. ఏ లాయరైనా మొదట అడిగేవి ఇవే.

పాత హిందూ ధర్మశాస్త్రం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మగపిల్లలకే ఉండేది. కూతురికి పెళ్లిలో పెట్టింది పెట్టడమే. భర్త పోయిన స్త్రీకి తిండీ బట్టా జరపాలి, అంతే. 1937లో వచ్చిన చట్టం వితంతువుకు భర్త వాటాను ఇచ్చింది గానీ బతికున్నంతకాలం అనుభవించడానికి మాత్రమే. సొంత ఇష్టం మీద అమ్ముకునే స్వేచ్ఛ లేదు, ఆమె తర్వాత అది మళ్లీ భర్త తరఫు వారసులకే పోయేది. హిందువుల పెళ్లి, వారసత్వ నియమాలను మార్చడానికి తెచ్చిన హిందూ కోడ్ బిల్లు మీద పెద్ద రభసే జరిగింది. దాని కోసం పార్లమెంటులో గట్టిగా మాట్లాడినవాళ్లలో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. బిల్లు ముందుకు సాగక 1951లో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. చివరికి ముక్కలుగా వచ్చిన చట్టాల్లో ఒకటి హిందూ వారసత్వ చట్టం. 1956 జూన్ 17 నుంచి అమలు.

ఆ చట్టంలో 14వ సెక్షన్ మీ కేసుకు సూటిగా పనికొస్తుంది. స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి, ఎలా వచ్చినదైనా సరే, సంపూర్ణంగా ఆమెదే అంటుంది. దీని మీద దేశమంతా చెప్పుకునే తీర్పు ఒక నెల్లూరు కేసులో వచ్చింది. తులశమ్మ భర్త 1931లో ఉమ్మడి కుటుంబంలో ఉండగానే పోయారు. ఆమె మనోవర్తి (భరణం) కోసం కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకుంది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఆమె చేతికొచ్చింది, అదీ బతికున్నంతకాలం అనుభవించే షరతు మీద. తర్వాత ఆమె అందులో కొంత అమ్మితే, అమ్మే హక్కు నీకెక్కడిదని భర్త వైపువాళ్లు దావా వేశారు. 1977లో సుప్రీంకోర్టు ఆమె వైపే తీర్పు చెప్పింది. మనోవర్తి అనేది ముందునుంచీ ఉన్న హక్కే, దానికి బదులుగా వచ్చిన ఆస్తి 1956తో సంపూర్ణ హక్కు అయిపోయింది, కాగితంలో రాసుకున్న షరతు చెల్లదు అని. మీ విషయానికొస్తే, 2001లో తాతయ్య పోయినప్పుడు అమ్మమ్మగారికి దక్కిన భాగం పూర్తిగా ఆమెదే. 2009లో అది కొడుకులకూ కూతురికీ సమానంగా దిగింది. లెక్కల్లో చాలామంది దీన్ని వదిలేస్తారు.

1956 చట్టం కూతురికి సగం తలుపే తెరిచింది. తండ్రి స్వార్జితంలో, ఉమ్మడి ఆస్తిలో తండ్రి భాగంలో కొడుకుతో సమానంగా ఇచ్చింది. పుట్టుకతో వచ్చే వాటా మాత్రం కొడుకులకే ఉంచింది. ఆ రెండో సగం దేశంలో మొదట తెరిచింది ఎన్టీఆర్ ప్రభుత్వం. రాష్ట్ర సవరణ 1986లో 13వ నంబరు చట్టంగా వచ్చి 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించింది. కూతుళ్లను వాటా నుంచి తప్పించడం సమానత్వానికి విరుద్ధమనీ, కట్నాన్ని పోగొట్టాలంటే ఇలాంటి చర్యలు కావాలనీ చట్టం ముందుమాటలోనే రాశారు. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లను బయట పెట్టారు. అప్పటికే కట్నమో పసుపు కుంకుమో పుచ్చుకుని ఉంటారన్న ఊహ దాని వెనక ఉండొచ్చు. మీ అమ్మగారు మూడేళ్ల తేడాతో ఆ గీతకు అవతల పడ్డారు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఇదే దారి పట్టాయి.

2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టంలో ఉమ్మడి ఆస్తి గురించి చెప్పే 6వ సెక్షన్‌నే మార్చింది. కూతురు పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కుదారు. పెళ్లయిందా, ఎప్పుడయింది అన్న ప్రశ్నే అందులో లేదు. కేంద్ర సవరణ వచ్చాక రాష్ట్ర సవరణలోని పెళ్లి గీతకు విలువ లేదు. అయినా పదిహేనేళ్లు గందరగోళం నడిచింది. సవరణ వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉండాలని 2015లో సుప్రీంకోర్టు అంది. అదే నిలబడి ఉంటే 2001లో తాతయ్య పోయారు కాబట్టి మీకు దారి మూసుకుపోయేది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. హక్కు పుట్టుకతో వచ్చేది గనుక తండ్రి ఎప్పుడు పోయారన్నది అడ్డు కాదు, కూతురు 2005 సెప్టెంబర్ 9 నాటికి ఉంటే చాలు.

ఇక అంకెలు చూద్దాం. ఉమ్మడి ఆస్తి 9 ఎకరాలు, హక్కుదారులు తాతయ్య, ఇద్దరు కొడుకులు, కూతురు, అంటే నాలుగు భాగాలు. ఒక్కొక్కటి 2 ఎకరాల 25 సెంట్లు. తాతయ్య భాగం ఆయన తర్వాత అమ్మమ్మకూ ముగ్గురు పిల్లలకూ సమానంగా పోతుంది, తలా 56.25 సెంట్లు. అమ్మమ్మ భాగం 2009లో మూడు ముక్కలై తలా 18.75 సెంట్లు. మూడూ కూడితే మీ అమ్మగారికి కచ్చితంగా 3 ఎకరాలు, అంటే మూడో వంతు. మావయ్యల పిల్లలు ఎంతమంది ఉన్నా వాళ్ల వాళ్ల తండ్రి భాగంలోనే పంచుకోవాలి, మీ అమ్మగారి వాటా తగ్గదు. ఒకవేళ ఆ పొలం తాతయ్యకు 1956 తర్వాత తన తండ్రి చనిపోతే వారసత్వంగా వచ్చినదైతే, దాన్ని తాతయ్య సొంత ఆస్తిగానే చూడాలన్న 1986 తీర్పు ఉంది. అప్పుడూ లెక్క మూడో వంతుకే వస్తుంది.

మావయ్యల మాటే పట్టుకుని మీ అమ్మగారికి పుట్టుకతో హక్కు లేదనుకుందాం. అప్పుడు తాతయ్యకూ ఇద్దరు కొడుకులకూ తలా 3 ఎకరాలు. తాతయ్య 3 ఎకరాల్లో నాలుగో వంతు 75 సెంట్లు, దానికి అమ్మమ్మ నుంచి వచ్చే 25 సెంట్లు కలిపితే ఎకరం. వాళ్ల చట్టం ప్రకారం చూసినా ఎకరం బాకీ ఉంది. "నీకేమీ రాదు" అన్న మాట 1956 నాటి చట్టానికి కూడా సరిపోదు.

మీ కేసులో అసలు బలహీనమైన చోటు 1996 పంపకం. 2004 డిసెంబర్ 20కి ముందు జరిగిపోయిన పంపకాలను, అమ్మకాలను 2005 సవరణ కదిలించదు. బిల్లు రాజ్యసభలో పెట్టిన రోజు అది. వార్త తెలిసి జనం హడావుడిగా పంచేసుకోకుండా ఆ తేదీని గీతగా పెట్టారు. పంపకం అంటే రిజిస్టరు చేసిన పారీఖత్తు (పంపకాల దస్తావేజు) గానీ కోర్టు డిక్రీ గానీ అయి ఉండాలని చట్టంలోనే ఉంది. పెద్దమనుషులు సంతకాలు చేసిన తెల్లకాగితం మామూలుగా నిలవదు. అయితే వినీతా శర్మ తీర్పు ఒక చిన్న కిటికీ వదిలింది. నోటిమాట పంపకమైనా, అది అప్పట్లోనే జరిగిందని ప్రభుత్వ రికార్డులు డిక్రీ అంత గట్టిగా రుజువు చేస్తే, అరుదుగా ఒప్పుకోవచ్చు అని. కాబట్టి 1996 నుంచి 2004 మధ్య అడంగల్ (పొలం ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చూపే గ్రామ రికార్డు) ఏం చెబుతోందో చూడాలి. అప్పటికే ఇద్దరి పేర్ల మీద వేర్వేరు ఖాతాలు, వేర్వేరు పాస్‌బుక్కులు, వేర్వేరు పంట రుణాలు ఉంటే వాళ్ల వాదనకు కొంత బలం వస్తుంది. 2001 దాకా అంతా తాతయ్య పేరు మీదే ఉండి, ఆయన పోయాక మారితే ఆ కాగితం తర్వాత పుట్టిందని చెప్పడానికి మీకు అదే సాక్ష్యం. ఒకవేళ పంపకం నిలిచినా, అందులో తాతయ్య తన కోసం 3 ఎకరాలు ఉంచుకుని ఉంటే పై లెక్క ప్రకారం ఎకరం వస్తుంది. తన పేర ఏమీ ఉంచుకోలేదంటే మాత్రం చేతికేమీ రాదు. అందుకే కాగితాలు తీయకముందు ఎవరితోనూ పంతానికి పోకండి.

ఏం తీయాలంటే, ప్రతి సర్వే నంబరుకూ పాతవీ కొత్తవీ అడంగల్ నకళ్లు, 1బి (ఎవరి పేర ఎంత పొలం ఉందో చూపే పత్రం), 1983 నుంచి ఇప్పటిదాకా ఈసీ (ఆ పొలం మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం). కంప్యూటర్‌లో సాధారణంగా దొరికేది 1983 నుంచే, అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో ఇప్పటి వివరాలు కనిపిస్తాయి గానీ పాత అడంగళ్లకు తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టాలి. తాతయ్య, అమ్మమ్మల మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అమ్మగారు ఆ ఇంటి కూతురేనని చూపే స్కూలు రికార్డు లాంటిది ఒకటి. పాస్‌బుక్కులో పేరున్నంత మాత్రాన హక్కు పుట్టదు, పేరు లేనంత మాత్రాన హక్కు పోదు. అది పన్నులకూ సాగుకూ సంబంధించిన రికార్డు. మావయ్యలు పాస్‌బుక్ చూపించి "ఇదిగో" అంటే కంగారు పడవద్దు.

సంతకం దగ్గరికి వద్దాం. వాటా లేనివాళ్ల సంతకం ఎవరూ అడగరు. కొనేవాళ్ల లాయరు "ఆడపడుచు సంతకం కావాలి" అని ఉంటారు, అందుకే కబురొచ్చింది. ఆ కాగితం ఏమిటో ముందు చదవండి. అమ్మేవాళ్లలో ఒకరిగా పెట్టమంటున్నారా, సమ్మతి తెలిపే సాక్షిగానా, హక్కు విడుదల దస్తావేజు మీదా, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీదా? నాలుగింటి ఫలితమూ వేరు. పవర్ ఆఫ్ అటార్నీ అన్నింటికన్నా ప్రమాదం, ఒక ముక్క అమ్మడానికని ఇచ్చింది మొత్తానికి వాడుకునే వీలుంటుంది. సాక్షిగా పెట్టినా "ఆమెకు తెలిసే జరిగింది, అప్పుడు అడగలేదు" అని తర్వాత వాదిస్తారు. అమ్మకం మీకూ ఇష్టమేనంటే, అమ్మగారి పేరు అమ్మేవారి జాబితాలో ఉండాలి, ఆమె భాగం సొమ్ము ఎంతో దస్తావేజులోనే రాయాలి, ఆ సొమ్ము ఆమె ఖాతాలోకే డీడీగానో బదిలీగానో రావాలి. "తర్వాత ఇస్తాం" అన్నది దస్తావేజులో ఉండదు. అన్నదమ్ముల మీద ప్రేమతో వదులుకోవాలనుకుంటే అదీ ఆమె ఇష్టమే. కాకపోతే మూడెకరాల విలువ తెలిసి వదులుకోవడం వేరు, ఏమీ లేదనుకుని వదులుకోవడం వేరు. ఆ వదులుకోవడం కూడా రిజిస్టరు చేస్తేనే చెల్లుతుంది.

పెళ్లప్పుడు కట్నం ఇచ్చాం కదా అంటారు. కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ 1961 నుంచి నేరం. దాన్ని వాటా కింద చెల్లు వేసే మాట వారసత్వ చట్టంలో ఎక్కడా లేదు.

మాటలతో తేలితే రిజిస్టర్డ్ పారీఖత్తు రాయించుకోవడం ఉత్తమం. తేలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరు ఉచితం, ఫోను నంబరు 15100. దావాకు ముందే లోక్ అదాలత్‌కు పిలిపించి రాజీ చేయిస్తారు. అక్కడిచ్చే అవార్డు (రాజీ తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అక్కడా కుదరకపోతే పొలం ఉన్న చోటి సివిల్ కోర్టులో పంపకాల దావా వేయాలి. ఇక్కడ తరచూ దెబ్బతినే చోట్లు నాలుగున్నాయి. వాటాదారులందర్నీ, ఆస్తులన్నిటినీ దావాలో చేర్చకపోతే ఆ ఒక్క కారణంతో పోతుంది. దావాతోపాటే అమ్మకాలు ఆపమని తాత్కాలిక ఉత్తర్వు అడగకపోతే తీర్పు నాటికి పొలం చేతులు మారిపోతుంది. సబ్‌రిజిస్ట్రార్‌కు ఉత్తరం రాసినంత మాత్రాన ఆగదు, కోర్టు ఉత్తర్వు కావాలి. మూడోది, ప్రాథమిక డిక్రీ రాగానే గెలిచామని ఇంటికెళ్లిపోతారు. అది వాటా ఎంతో చెప్పే తీర్పు మాత్రమే. కోర్టు నియమించిన కమిషనర్ వచ్చి, సర్వేయర్‌తో కొలిపించి, హద్దులు వేసి, తుది డిక్రీ స్టాంపు కాగితం మీదికి ఎక్కితేనే పొలం మీది. నాలుగోది, నోటీసులోనూ దావాలోనూ రాసే భాష. ఉమ్మడి స్వాధీనం ఉన్నట్టయితే కోర్టు ఫీజు స్వల్పం. స్వాధీనం నుంచి తోసేశారంటే వాటా విలువను బట్టి కట్టాలి, పైగా కాదు పొమ్మన్నారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ల గడువు మొదలవుతుంది. "ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందటే గెంటేశారు" అని ఆవేశంలో రాసిన ఒక్క వాక్యం కేసునే ముంచుతుంది. జరిగినదేదో అంతవరకే రాయండి. వాటా లేదంటూ మావయ్యలు పంపిన మెసేజీలు తేదీతో సహా దాచండి.

ఈ చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకు. షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం, ముస్లింలకు వాళ్ల పర్సనల్ లా. వేరే ఇంట్లోవాళ్లు ఈ లెక్క చూసి తమకు వేసుకోకూడదు.

మీ ఉద్యోగం సంగతి ఇంతకన్నా తేలిక. ప్రసూతి సెలవు ఆలోచన మన దేశంలో 1928లో బొంబాయి శాసన మండలిలో చట్టం రూపం వెతుక్కుంది. ఆ భారం యజమానీ ప్రభుత్వమూ మోయడం దేశానికే మేలని అంబేద్కర్ బిల్లును సమర్థించారు. 1929లో అది చట్టమైంది. దేశమంతటికీ 1961లో వచ్చింది, 12 వారాలు. మొదట 160 రోజులు పనిచేసి ఉండాలనేవారు, 1988 సవరణ దాన్ని 80కి తగ్గించింది. 2017 ఏప్రిల్ 1 నుంచి 26 వారాలు. 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక 1961 చట్టం స్థానంలోకి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. "ఆ పాత చట్టం ఇప్పుడు లేదు" అని హెచ్‌ఆర్ వాళ్లు అంటే నిజమే, కానీ 26 వారాలూ 80 రోజులూ కొత్త కోడ్‌లో అలాగే ఉన్నాయి.

పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. ప్రసవం తేదీకి ముందరి 12 నెలల్లో మీరు 80 రోజులు పనిచేసి ఉంటే అర్హులు, పర్మనెంటా కాంట్రాక్టా అన్న తేడా లేదు. ముస్తర్ రోల్ మీద రోజుకూలీకి పనిచేసే ఆడవాళ్లకూ ఇది ఇవ్వాలని ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ ప్రశ్నకు సరిగ్గా అతికేది 2023 నాటి కవితా యాదవ్ కేసు. ఢిల్లీలో కాంట్రాక్టు మీద పనిచేసిన డాక్టర్ ఆమె. 2017 జూన్ 1 నుంచి సెలవు అడిగారు, కాంట్రాక్టు జూన్ 11తో అయిపోతుంది కాబట్టి 11 రోజులే ఇస్తామన్నారు. ప్రసూతి ప్రయోజనం కాంట్రాక్టు గడువు దాటినా కొనసాగుతుంది, పూర్తి మొత్తం చెల్లించాల్సిందే అని సుప్రీంకోర్టు తేల్చింది. ఒకటి గుర్తుంచుకోండి, దీనివల్ల ఉద్యోగం పొడిగింపు అయినట్టు కాదు, డబ్బు మాత్రం ఆగదు.

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కడుతుంటే సొమ్ము ఈఎస్ఐ నుంచి వస్తుంది. అక్కడ లెక్క వేరు, ముందరి రెండు కంట్రిబ్యూషన్ కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కనీసం 70 రోజులకు కట్టి ఉండాలి. జీతం అంతకు పైన ఉంటే కంపెనీయే ఇవ్వాలి, సెలవుకు ముందరి మూడు నెలల సగటు వేతనం చొప్పున. 26 వారాల్లో ప్రసవానికి ముందు 8 వారాలకు మించి వాడకూడదు. ఇద్దరు పిల్లలు బతికి ఉండి మూడో కాన్పు అయితే 12 వారాలే. ప్రసవానికి ముందు కాలానికి డబ్బు డాక్టర్ కాగితం చూపగానే, మిగతాది పుట్టిన రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలి. కంపెనీ ఉచిత వైద్యం చూడకపోతే 3,500 రూపాయల మెడికల్ బోనస్ ఉంది.

నోటితో అడిగి ఊరుకుంటే అడిగినట్టు ఆధారం ఉండదు. ఈ వారమే మెయిల్ పెట్టండి: "ఫలానా తేదీకి ప్రసవం అని డాక్టర్ చెప్పారు. ఫలానా తేదీ నుంచి 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు కోరుతున్నాను. నేను రాలేని పక్షంలో సొమ్ము అందుకోవలసింది ఫలానావారు. డాక్టర్ సర్టిఫికెట్ జతచేశాను." అది మీ సొంత మెయిల్‌కూ వెళ్లాలి, ఎందుకంటే కంపెనీ ఐడీ ఒక్క పూటలో మూతపడుతుంది. హాజరు వివరాలు, జీతం స్లిప్పులు, కాంట్రాక్టు, పాత పొడిగింపులు ఇప్పుడే దింపుకోండి. రాజీనామా రాయమని మెత్తగా అడుగుతారు. రాస్తే "ఆమే మానేసింది" అవుతుంది, ఎక్కువ కేసులు ఇక్కడే చెడుతున్నాయి. ప్రసూతి సెలవులో ఉండగా తీసేయడం చెల్లదు, ఆ పేరుతో ప్రయోజనం ఆపితే 60 రోజుల్లో లేబర్ అధికారికి అప్పీలు చేసుకోవాలి.

సమాన జీతానికి 1975లో ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చాయి, ఇప్పుడది ఆ నాలుగు కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్‌లో మూడో సెక్షన్. దీని మీద వచ్చిన ముఖ్యమైన తీర్పు ఓ షిప్పింగ్ కంపెనీ స్టెనోగ్రాఫర్లది. ఆడ స్టెనోలకు తక్కువ జీతమని యూనియన్‌తో ఒప్పందం ఉంది కదా అని కంపెనీ వాదిస్తే, 1987లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పని ఒకటే అయితే ఒప్పందం అడ్డం రాదు, కంపెనీకి స్తోమత లేదన్న సాకూ పనికిరాదు. సమం చేయడానికి మగవాళ్ల జీతం తగ్గించడమూ కుదరదు. అయితే ఇది మీకు సెలవంత సులువుగా రాదు. పేరు ఒకటే అయితే చాలదు. నైపుణ్యం, అనుభవం, బాధ్యత, శ్రమ సమానమని చూపాలి. ఆ అబ్బాయికి మీకన్నా మూడేళ్ల అనుభవం ఉందంటే వాదన నీరుగారుతుంది. ఇద్దరి ఆఫర్ లెటర్లలో రాసిన పనులు, ఇద్దరికీ వచ్చిన టార్గెట్లు, రేటింగులు పక్కపక్కన పెట్టి చూసుకోండి. అడగడానికి మూడేళ్ల గడువుంది. ముందు సెలవు తేల్చుకుని, తర్వాత దీన్ని ఎత్తుకోవడం తెలివైన పని. రెండూ ఒకేసారి తెస్తే వాళ్లు రెంటినీ కలిపి "గొడవ" అనేస్తారు.

బంగారం మీది. స్త్రీధనం భార్యాభర్తల ఉమ్మడి సొత్తు కాదని, అత్తవారింట్లో ఉన్నా వాళ్లు కాపలాదార్లే అని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మంచిగా ఉన్నప్పుడే బిల్లులు, పెళ్లి ఫొటోలు చూసి ఏ నగ ఎన్ని తులాలో పట్టిక రాసి, "లాకర్లో ఉంచాం" అని ఒక మెసేజ్ ద్వారానైనా ఒప్పించుకోండి. వివాదం లేనప్పుడు అడిగితే నొచ్చుకుంటారేమో గానీ కాదనరు. మీ పేర ఒక లాకర్ తీసుకుంటే ఇంకా మంచిది.

మీవారు టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకోబోతుంటే వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకోమనండి. 1874 నాటి చట్టం అది. మొదట హిందువులకు, ముస్లింలకు లేదు. బీమా సెక్షన్‌ను మద్రాసు రాష్ట్రంలో 1913 డిసెంబర్ 31 తర్వాతి పాలసీలకు వర్తింపజేశారు, మిగతా దేశానికి 1923లో గానీ రాలేదు. అలా తీసుకున్న పాలసీ సొమ్ము భార్యాబిడ్డలదే, భర్త అప్పులవాళ్లు ముట్టుకోలేరు. పాలసీ కొనే రోజే ఆ ఫారం నింపాలి, తర్వాత కలపడం కుదరదు.

ఇక మీరూ అమ్మగారూ వీలునామాలు రాయండి. హిందూ వారసత్వ చట్టం ఇప్పటికీ ఆడవాళ్లకు అన్యాయంగా ఉన్న చోటు ఇదే. పిల్లలూ భర్తా లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే ఆమె సొంత సంపాదన కన్నవాళ్ల కన్నా ముందు భర్త వారసులకు పోతుంది. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింట్లో ఉండి చదువుకుని సంపాదించిన ఒకామె డబ్బు ఇలాగే అత్తవారి వైపు పోవడాన్ని 2009లో సుప్రీంకోర్టు సానుభూతి చూపుతూనే సమర్థించాల్సి వచ్చింది, చట్టం అలా ఉంది గనుక. పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తికి మాత్రం మినహాయింపు ఉంది, పిల్లలు లేకపోతే అది తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. వీలునామాకు తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కరలేదు. ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూసి సంతకం చేయాలి. వాళ్లు ఆస్తి పొందేవాళ్లు కాకపోవడం, మీకన్నా చిన్నవాళ్లు కావడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, పొలం ఉన్న అమ్మగారిది మాత్రం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించండి, రేపు "ఆ సంతకం ఆమెది కాదు" అనే మాటకు తావుండదు.